కొబ్బరిలో ముదురాకు, టేకులో లేతాకు: ఆకు తినే పురుగులు గుడ్లు ఎక్కడ, ఎందుకు పెడతాయి

మీరు అడిగిన సంగతులు నాలుగు. కొబ్బరి తోటలో కింది మట్టలు నిప్పు సెగ తగిలినట్లు ఎండిపోతున్నాయని, పోయిన జూన్ చివర్లో గట్ల మీది ఏడేళ్ల టేకు చెట్లు పది రోజుల్లో మోడుబారాయని, పక్క రైతు ఆయిల్ పామ్ ఆకుల కింద చిన్న చిన్న సంచులు వేలాడుతున్నాయని, రాత్రిళ్లు దీపం దగ్గర బూడిద రంగు రెక్కల పురుగులు చేరుతున్నాయని రాశారు. ఇవన్నీ ఒకే పురుగు పనా, అయితే గుడ్ల దశలోనే మందు కొట్టి ఆపవచ్చా అన్నది మీ ప్రశ్న. కొబ్బరి, టేకు, ఆయిల్ పామ్ మీద ఉన్నవి మూడూ వేరు వేరు పురుగులు. వాటి గుడ్లు పెట్టే పద్ధతులు ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం కాబట్టి, ఒక చెట్టు దగ్గర పనికొచ్చిన ఉపాయం ఇంకో చెట్టు దగ్గర శ్రమను, డబ్బును దండగ చేస్తుంది. అందుకే మందుల పేర్లకంటే ముందు గుడ్ల సంగతి వివరంగా రాస్తున్నాను.

మొదట గుర్తుంచుకోవలసింది, ఆకును తినేది రెక్కల పురుగు కాదు, దాని పిల్ల అయిన గొంగళిపురుగు. గుడ్డు నుంచి అప్పుడే బయటికి వచ్చిన పిల్ల కంటికి సరిగా ఆనదు, ఎక్కువ దూరం పాకలేదు, దాని దవడలు ఎంత గట్టి ఆకునైనా కొరకగలిగేవి కావు. కాబట్టి తల్లి గుడ్డు ఎక్కడ పెడితే పిల్ల మొదటి ముద్ద దాదాపు అక్కడే. పిల్ల ముదురాకు పొరను గీకి తినగలిగే జాతి అయితే తల్లి ముదురాకును ఎంచుకుంటుంది, లేత ఆకు తప్ప మింగలేని జాతి అయితే చిగురు ఉన్న చెట్టును వెతుక్కుంటూ ఎగురుతుంది, తల్లికి అసలు రెక్కలే లేకపోతే తానున్న చోటే గుడ్లు పెట్టి పిల్లలను గాలికి వదులుతుంది. మీ కొబ్బరి, మీ టేకు, మీ పొరుగువారి ఆయిల్ పామ్ ఈ మూడింటికీ వరుసగా ఉదాహరణలు.

కొబ్బరిలో మీరు చూస్తున్నది నల్లతల గొంగళిపురుగు. శాస్త్రీయంగా దీనిని ఒపిసినా అరెనోసెల్లా అంటారు. తాటి చెట్టు మీద కూడా ఇది బతుకుతుంది కాబట్టి తోట చుట్టూ తాటి చెట్లు ఉన్నవారు వాటినీ చూసుకోవాలి. ఎండిన మట్ట నుంచి ఒక రెక్క (మట్టకు ఇరువైపులా ఉండే పొడవాటి ఆకు) తీసి తిప్పి చూడండి. అడుగున ఈనె పొడవునా పట్టు దారాలతో, పురుగు పెంటతో అల్లిన గొట్టం లాంటి గూడు కనిపిస్తుంది. గొంగళిపురుగు అందులో దాక్కుని అడుగు వైపు పచ్చదనాన్ని గీకి తింటుంది, పై పొర మాత్రం అలాగే మిగిలి ఎండిపోతుంది. దూరం నుంచి చూసేవారికి తోట కాలిపోయినట్లు కనిపించడానికి కారణం అదే. తెగులు ముదిరిన తోటలో మొవ్వు దగ్గరి మూడు నాలుగు ఆకులే పచ్చగా మిగులుతాయి.

ఈ పురుగు తల్లి సుమారు 130 గుడ్లు పెడుతుంది. అన్నీ ఒకే చోట పెట్టదు, చిన్న చిన్న గుంపులుగా ముదురు ఆకుల అడుగు వైపున పెడుతుంది. అవి ఆవగింజ కంటే చిన్నవిగా, పొలుసు మాదిరిగా, మొదట మీగడ రంగులో ఉండి తరువాత గులాబీ రంగుకు తిరుగుతాయి. ఇందులో రైతుకు అన్నిటికంటే ఉపయోగపడే విషయం ఏమిటంటే, ఆమె గుడ్లు పెట్టడానికి పాత గూళ్ల పక్కనున్న చోటునే, అంటే తన జాతి పిల్లలు వదిలిన పెంట, దారాలు ఉన్న చోటునే ఎక్కువగా ఎంచుకుంటుంది. ఆ చోట గుడ్డుకు మరుగు దొరుకుతుంది, పుట్టిన పిల్ల వెంటనే పాత గూడు అంచున చేరి తన గొట్టం అల్లుకోవచ్చు. అంటే ఈ పురుగు తల్లి కొత్త తోటలకు ఎగిరి వెళ్లడం కంటే, తాను పుట్టిన మట్టలోనో దాని పక్క మట్టలోనో తిరిగి గుడ్లు పెట్టడానికే మొగ్గు చూపుతుంది. ఒక తోటలో మూలనున్న పది చెట్లు రెండేళ్ల పాటు ఎండుతూ ఉండగా మధ్యలోని చెట్లు పచ్చగా నిలిచి ఉండటం నేను చాలాసార్లు చూశాను. దానికి నేల కారణమనీ, నీరు కారణమనీ అనుకుంటారు కానీ, ఈ అలవాటును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గుడ్డు పొదగడానికి సుమారు ఐదు రోజులు, గొంగళిపురుగు ఎదగడానికి సుమారు నలభై రోజులు, అదే గూటిలో ప్యూపాగా (తిండి మాని రెక్కల పురుగుగా మారే దశలో) పది పన్నెండు రోజులు, మొత్తం దాదాపు రెండు నెలల చక్రం. దీనికి తోడు ఈ పురుగులో ఇంకొక విశేషం ఉంది. ఒక తోటలోని పురుగులు చాలావరకు ఒకే వయసులో ఉంటాయి, అంటే ఒక తరం ముగిశాక మరొక తరం మొదలవుతుంది తప్ప అన్ని దశలూ ఎప్పుడూ కలగాపులగంగా ఉండవు. శ్రీలంకలో 1980 దశకంలో ఈ పురుగు సంఖ్య ఎలా పెరిగి తగ్గుతుందో పరిశీలించినవారు దీనిని స్పష్టంగా చూపారు. దీని అర్థం రైతు భాషలో చెప్పాలంటే, ఈరోజు పది రెక్కలు విప్పి చూసి పురుగులు ఎంత పొడవున్నాయో, ప్యూపాలు ఎన్నున్నాయో తెలుసుకుంటే, మీ తోటలో తరువాతి గుడ్ల రోజులు ఎప్పుడు వస్తాయో వారం అటూఇటూగా మీరే చెప్పగలరు. చాలామంది చేయని పని ఇదే. అందువల్లే ఖర్చు పెట్టి తెచ్చిన బదనికలు (ఈ పురుగును తిని చంపే చిన్న కందిరీగలు) ఫలితం ఇవ్వలేదని బాధపడుతుంటారు.

బదనికల విషయం కూడా నిజానికి గుడ్లు పెట్టే అలవాటు విషయమే. గోనియోజస్ నెఫాంటిడిస్ అనే చిన్న నల్ల కందిరీగ గొంగళిపురుగును కుట్టి చచ్చుబడేట్లు చేసి, దాని ఒంటి మీద తన గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ పురుగును తిని గూడు కట్టుకునేదాకా తల్లి అక్కడే కావలి కాస్తుంది, వేరే కందిరీగ దగ్గరికి వస్తే తరిమివేస్తుంది. ఇంత శ్రద్ధగా పిల్లలను చూసుకునే పరాన్నజీవి అరుదు. అయితే దానికి కావలసింది బాగా ఎదిగిన గొంగళిపురుగు. గుడ్లు, చిన్న పిల్లలు మాత్రమే ఉన్న సమయంలో దానిని వదిలితే పెట్టడానికి చోటు దొరకక వృథాగా పోతుంది. ప్యూపాగా మారబోయే దశకు ఎలాస్మస్, ప్యూపా దశకు బ్రాకిమేరియా అనే వేరే బదనికలు ఉన్నాయి. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ లెక్క ప్రకారం ఆ దశలో ఉన్న 100 పురుగులకు గోనియోజస్ అయితే సుమారు 20, ఎలాస్మస్ అయితే 49, బ్రాకిమేరియా అయితే 32 వదలాలి. కోనసీమ వైపు ఉన్నవారికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో బదనికలను పెంచుతారు కాబట్టి, పురుగు దశ చూసుకుని అక్కడ సంప్రదించడం మంచిది. వాటిని చెట్టు మొవ్వులో వదలవద్దు, అక్కడి సాలీళ్లు, పురుగులను తినే నల్లులు వాటిని పట్టుకుంటాయి. మాను మీద వదిలితే అవే పైకి ఎక్కుతాయి.

ఇక మట్టల నరకడం. తల్లి ముదురాకునే, అందులోనూ పాత గూళ్లనే కోరుకుంటుంది కాబట్టి, బాగా దెబ్బతిన్న కింది రెండు మూడు మట్టలను నరికి తగలబెట్టడం ఈ పురుగు విషయంలో నిజంగా పనిచేస్తుంది. అలా నరికినప్పుడు గుడ్లు, పురుగులు, ప్యూపాలు పోవడమే కాక, వచ్చే తల్లులకు ఇష్టమైన చోటు కూడా పోతుంది. కొబ్బరి చెట్టు ఏడాదికి ఇంచుమించు 12 కొత్త ఆకులు వేస్తుంది కాబట్టి, మూడు మట్టలు తీశామంటే మూడు నెలల ఆకు తీసినట్లే. అందుకే పచ్చదనం మిగిలి ఉన్న మట్టలను ఆవేశంతో నరకవద్దు, ఆకు పోతే పిందె నిలవదు. నేను ఈ పనిలోకి వచ్చిన తొలి సంవత్సరాల్లో ఒక తోటలో మట్టలన్నీ నరికించి, కాల్చడానికి కూలీలు దొరకలేదని చెట్ల మొదళ్ల దగ్గరే కుప్పలు వేయించాను. ఆ కుప్పల్లోని పురుగులు ఎండుతున్న ఆకులోనే ప్యూపాలుగా మారి, మూడు వారాల్లో రెక్కల పురుగులై పై మట్టల్లో మళ్లీ గుడ్లు పెట్టాయి. ఆ రైతు కుటుంబం ఆ ఏడాది పడిన నష్టానికి ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది. నరికిన రోజే కాల్చలేని పక్షంలో నరకవద్దు. అలాగే బదనికలను వదిలిన తరువాత నరికితే వాటి పిల్లలను కూడా కాల్చినవారవుతారు, కాబట్టి ముందు నరికి కాల్చండి, ఆ తరువాతే వదలండి.

టేకు దగ్గరికి వస్తే ఇదంతా తలకిందులవుతుంది. మీ చెట్లను పది రోజుల్లో మోడు చేసింది హైబ్లియా ప్యూయెరా అనే టేకు ఆకు తినే పురుగు. దీని తల్లి ముందు రెక్కలు బూడిద రంగులోను, వెనక రెక్కలు నలుపు మీద నారింజ పసుపు మచ్చలతోను ఉంటాయి. కూర్చున్నప్పుడు బూడిద రంగే కనిపిస్తుంది కాబట్టి దీపం దగ్గర చూసినవారు దీనినీ, కొబ్బరి పురుగునూ ఒకటే అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. రెక్క కొంచెం విప్పి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఈ తల్లి ముదురు టేకు ఆకును ముట్టదు. కొత్తగా విచ్చుకున్న లేత ఆకు ఉన్న చెట్టును వెతికి, రాత్రివేళ, ఆకు ఈనెల పక్కన, ఎక్కువగా అడుగు వైపున, ఒక్కొక్క గుడ్డును విడివిడిగా పెడుతుంది. తెల్లగా, చదునుగా ఉండే ఆ గుడ్లను భూతద్దం లేకుండా వెతకడం కష్టం. ఒక్కొక్క తల్లి సుమారు 500 గుడ్లు, కొన్నిసార్లు 1000 దాకా కూడా పెడుతుంది. అవి రెండు రోజుల్లోనే పొదుగుతాయి. మొదట్లో పిల్లలు ఆకు పొరను గీకుతాయి, కొంచెం ఎదిగాక ఆకు అంచును అర్ధచంద్రంగా కత్తిరించి మడిచి, దారంతో కుట్టుకుని లోపల దాక్కుంటాయి, చివరి దశల్లో పెద్ద ఈనెలు తప్ప అంతా తినేస్తాయి. వాతావరణం అనుకూలిస్తే గొంగళి దశ పది పన్నెండు రోజులే. తరువాత దారం పట్టుకుని నేలకు దిగి, రాలిన ఆకుల మధ్య ప్యూపాగా మారి, వారం రోజుల్లో రెక్కల పురుగుగా బయటపడుతుంది.

ఒక్కో గుడ్డును విడిగా పెట్టే పురుగు చెట్టును ఇంత త్వరగా ఎలా మోడు చేయగలదని మీకు సందేహం రావచ్చు. ఇక్కడే ఈ జాతి అసలు స్వభావం ఉంది. ఈ రెక్కల పురుగులు గుంపులుగా ఎగిరి వచ్చి, చిగురు ఉన్న ఒక చోట ఒకే రెండు మూడు రాత్రుల్లో గుడ్లు పెడతాయి. కాబట్టి తల్లి విడివిడిగా పెట్టినా, తల్లులు వందలు వేలు కావడం వల్ల ఆకు మీద గుడ్లు కిక్కిరిసిపోతాయి. కేరళలో నిలంబూరు టేకు తోటల్లో ఈ సంగతిని దశాబ్దాల పాటు పరిశీలించారు. అక్కడి తొలి టేకు తోటను 1840 దశకంలో నాటారు, అంటే మన దేశంలో మనిషి నాటిన టేకు అంత పాతది. పీచిలోని కేరళ అటవీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గమనించింది ఏమిటంటే, వేసవి జల్లులు పడిన తరువాత పురుగు మొదట ఎకరా నుంచి మూడు నాలుగు ఎకరాల చిన్న చిన్న చోట్లలో మాత్రమే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ తరం రెక్కల పురుగులు అక్కడే ఉండిపోవు, అక్కడ లేతాకు మిగలదు కనుక గుంపుగా కదిలి వేరే చోటికి పోతాయి. ఆ తరువాతే వందల ఎకరాల్లో ఒకేసారి దాడి కనిపిస్తుంది. ముంబై తీరంలోని మడ చెట్లను కూడా ఇదే జాతి మోడు చేసిన సందర్భాలు ఉన్నాయి, అంటే దానికి టేకు ఒక్కటే దిక్కు కాదు.

మన ప్రాంతంలో టేకు వేసవికల్లా ఆకు రాల్చి, జూన్ వానలతో చిగురు వేస్తుంది. అందుకే మీ చెట్లు జూన్ చివర్లో దెబ్బతిన్నాయి. కొబ్బరిలో చేసినట్లు ఇక్కడ కింది కొమ్మలు నరకడం, పాత ఆకులు కాల్చడం వల్ల ప్రయోజనం ఉండదు, ఎందుకంటే తల్లి పాత ఆకు కోసం రాదు, ఈ ఏడాది మీ గట్టు మీద పుట్టిన పురుగు వచ్చే ఏడాది మీ గట్టుకే వస్తుందన్న నమ్మకమూ లేదు. మీరు చేయగలిగిందల్లా చిగురు వేసిన మొదటి మూడు వారాల్లో రెండు మూడు రోజులకొకసారి లేత ఆకులను తిప్పి చూడటమే. ఆకు అంచున చిన్న మడతలు కనిపించాయంటే పిల్లలు మధ్య దశకు వచ్చాయని అర్థం, మీకు మిగిలిన సమయం నాలుగైదు రోజులే. కేరళ అటవీ పరిశోధన సంస్థ ఈ పురుగుకే ప్రత్యేకంగా వచ్చే ఒక వైరస్‌ను వాడుకునే పద్ధతిని అభివృద్ధి చేసింది. దానిని చిన్న దశల్లో, ఎండ తగ్గిన సాయంత్రం చల్లితేనే పనిచేస్తుంది, ఎండలో ఆ వైరస్ నిలవదు. మీ గట్టు మీద యాభై అరవై చెట్లే ఉన్నాయి కాబట్టి, వాటిలో ఇంకా చేతికి అందే ఎత్తులో ఉన్న వాటికి వేప కషాయం ఆకు అడుగున తడిసేలా పిచికారీ చేస్తే చాలు, ఎత్తైన చెట్ల మీద మందు కొట్టడానికి ప్రయత్నించవద్దు.

మోడైన చెట్లు చచ్చిపోతాయేమోనని మీరు భయపడ్డారు. చావవు, మళ్లీ చిగురిస్తాయి. అయితే నష్టం లేదనుకోవడం కూడా తప్పు. నిలంబూరులో నాలుగు నుంచి తొమ్మిదేళ్ల వయసు మధ్య చెట్లను కొన్ని కాపాడి, కొన్ని వదిలేసి, ఐదేళ్ల పాటు పోల్చి 1985లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ పురుగు వల్ల పెరగవలసిన కలప పరిమాణంలో 44 శాతం పోయిందని తేలింది. మీ చెట్లు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాయి. చెట్టు నిలబడి ఉంటుంది, రైతు కంటికి నష్టం కనిపించదు, మాను చుట్టుకొలతలో మాత్రం అది మిగిలిపోతుంది.

టేకు మీద సెప్టెంబరు తరువాత మీరు ఇంకొక రకం దెబ్బ చూస్తారు. ఆకులో ఈనెలు, సన్నని నరాలు అన్నీ అలాగే ఉండి మధ్య పచ్చదనం మాత్రమే పోయి జల్లెడలా మారుతుంది. అది యూటెక్టోనా మాకెరాలిస్ అనే వేరే పురుగు. దాని తల్లి పసుపు రెక్కల మీద ఎర్రటి గీతలున్న చిన్న పురుగు, ముదురాకు అడుగున ఈనెల వెంట గుడ్లు పెడుతుంది. రాలడానికి సిద్ధమవుతున్న ఆకును అది తింటుంది కాబట్టి, పైన చెప్పిన అధ్యయనంలోనే దీని వల్ల చెప్పుకోదగ్గ ఎదుగుదల నష్టం కనిపించలేదు. దీని మీద ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దని నా సలహా.

మీ పొరుగువారి ఆయిల్ పామ్‌లో వేలాడుతున్నవి సంచి పురుగులు. ఆకు ముక్కలను దారంతో అతికించి సంచి కట్టుకుని, దానిని మోసుకుంటూనే తింటాయి. ఇందులో తల్లి కథ చాలా వింతగా ఉంటుంది. మగ పురుగుకు రెక్కలు వస్తాయి, ఆడ దానికి రావు. అది సంచిని వదిలి బయటికే రాదు. మగ పురుగు వచ్చి సంచి దగ్గరే జత కడుతుంది, తల్లి తన ప్యూపా పొట్టులోనే వందకు పైగా గుడ్లు పెట్టి ఎండిపోతుంది. పొదిగిన పిల్లలు సంచి అడుగు రంధ్రం నుంచి దారాల మీద దిగి, గాలికి ఊగి పక్క ఆకుకు, పక్క చెట్టుకు చేరతాయి. కాబట్టి ఈ పురుగు ఎగిరి పదూళ్లు దాటదు, ఒక మూల నుంచి గాలి వాటాన మెల్లగా వ్యాపిస్తుంది. గుడ్లన్నీ సంచిలోనే ఉంటాయి కనుక, చిన్న చెట్ల మీద సంచులను చేత్తో కోసి కాల్చితే గుడ్లున్న ఒక్కో సంచితో పాటు వంద పిల్లలు పోతాయి. ఈ మూడింటిలో గుడ్ల దశలోనే అదుపు చేయడం అన్నిటికంటే సులువైన చోటు ఇదే. మీ తోట గాలి వాటంలో ఉంటే పొరుగువారితో కలిసి ఇప్పుడే ఈ పని చేయండి. ఆయిల్ పామ్ గురించి ఏలూరు జిల్లా పెదవేగిలోని భారత ఆయిల్ పామ్ పరిశోధన సంస్థవారి సలహా తీసుకోమని వారికి చెప్పండి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. కొబ్బరి, మామిడి ఆకుల మీద కనిపించే, ముడితే చర్మం మండించే పచ్చటి ముళ్ల గొంగళి తల్లి పారదర్శకమైన గుడ్లను పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఆకు అడుగున పెడుతుంది. పెదమాను చెట్టు మీద ఎలిగ్మా అనే పురుగు గుడ్లను గుంపుగా పెడుతుంది కాబట్టి పిల్లలు మొదట్లో గుంపుగానే ఉంటాయి, ఆ రెండు మూడు రోజుల్లో ఆకును తెంపేస్తే చాలు. కుచ్చుల వెంట్రుకల గొంగళ్ల జాతుల్లో కొన్నింటి తల్లులు తమ ఒంటి నూగుతో గుడ్లను కప్పుతాయి, ఆ నూగు ఉన్న గుడ్ల మీద మందు అంటదు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు మాట. గుడ్ల మీద మందు కొట్టవచ్చా? కొబ్బరిలో గుడ్లు ముదురాకు అడుగున గూళ్ల మాటున ఉంటాయి, టేకులో రెండు రోజుల్లో పొదిగిపోతాయి, సంచి పురుగులో సంచి లోపల ఉంటాయి. మూడు చోట్లా మందు గుడ్డును చేరే అవకాశం తక్కువ, బదనికలను, సాలీళ్లను, తేనెటీగలను చేరే అవకాశం ఎక్కువ. అందుకని మందు కొట్టవద్దనే చెబుతాను. దీపపు ఎర విషయంలో కూడా పెద్ద ఆశ పెట్టుకోవద్దు. దీపం దగ్గరికి వచ్చే ఆడ పురుగుల్లో కొన్ని అప్పటికే గుడ్లు పెట్టి ఉంటాయి. అయినా దీపం ఒక మంచి కబురు ఇస్తుంది. నారింజ మచ్చల పురుగులు పెరిగిన రాత్రి తేదీ రాసి పెట్టుకోండి, మర్నాటి నుంచి టేకు చిగుళ్లను చూడటం మొదలుపెట్టండి.

ఇప్పుడు ఫిబ్రవరి. టేకు ఆకు రాలుస్తోంది కాబట్టి అక్కడ జూన్ దాకా పని లేదు. కొబ్బరికి మాత్రం ఎండాకాలమే ఈ పురుగు పెరిగే కాలం, అందుకని ఆలస్యం చేయవద్దు. ఈ వారంలో ఐదు చెట్ల నుంచి, చెట్టుకు ఒక కింది మట్ట చొప్పున దించి, ఒక్కో మట్టలో పది రెక్కలు విప్పి, చిన్న పురుగులు ఎన్ని, వేలి గోరు కంటే పొడవైనవి ఎన్ని, ప్యూపాలు ఎన్ని, ఖాళీ ప్యూపా పొట్టులు ఎన్ని అని నాలుగు అంకెలు రాసుకోండి. పెద్ద పురుగులే ఎక్కువ ఉంటే గోనియోజస్‌కు ఇదే అదను. ప్యూపాలు, ఖాళీ పొట్టులు ఎక్కువ ఉంటే గుడ్ల రోజులు వచ్చాయన్నమాట, అప్పుడు దెబ్బతిన్న కింది మట్టలను వెంటనే తీసి కాల్చి, బదనికల కోసం మరో నాలుగు వారాలు ఆగాలి. ఆ నాలుగు అంకెలూ, చూసిన తేదీ ఇక్కడ రాయండి. ఏ రోజున ఏ బదనిక, ఎన్ని వదలాలో లెక్క కట్టి చెబుతాను.